విత్తన సంచికున్న చీటీ ల్యాప్‌టాప్ పెట్టెకు ఎందుకుండదు? సత్య నాదెళ్ల గారికి కోదాడ నుంచి బహిరంగ లేఖ

శ్రీ సత్య నాదెళ్ల గారికి,
మైక్రోసాఫ్ట్ సంస్థ అధిపతి, రెడ్‌మండ్.



1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 19న, మీరు హైదరాబాదులో పుట్టారు. సాగర్ ఎడమ కాలువదీ మీదీ ఒకే వయసు. ఆ కాలువ పారినందువల్లనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టుపక్కల నేలలు వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైంది. ఆ వడ్లు అమ్మిన డబ్బుతోనే మా పిల్లలు ఇంజనీరింగ్ చదివి గచ్చిబౌలికి వెళ్లారు, మీరున్న సియాటిల్ దాకా వచ్చారు.

నేను కోదాడలో ఉంటాను. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల నుంచి వచ్చే పిల్లలే నా తరగతి. వాళ్లలో చాలామందికి కాలేజీలో చేరినప్పుడు కొనే ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చే మొట్టమొదటి కంప్యూటర్. దాదాపు ప్రతిదాన్లోనూ ఉండేది మీ విండోస్. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మా దగ్గర మే నెలది ప్రత్యేకమైన లెక్క. యాసంగి వరికోతలు ఏప్రిల్‌లో మొదలై మేలో ముగుస్తాయి. కొనుగోలు కేంద్రంలో కాంటా అయి, బస్తాలు లారీ ఎక్కి మిల్లుకు చేరి, రైతు ఖాతాలో డబ్బు పడేది ఆ రోజుల్లోనే. జూన్ మొదటి వారం దాటితే మృగశిర కార్తె. విత్తనాలు తేవాలి, ఎరువులు తేవాలి, దున్నించాలి, పాత బాకీలు కట్టాలి. చేతికొచ్చిన పైసలు ఇంట్లో నిలిచేది మూడు వారాలు, మహా అయితే నెల.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఫలితాలు వచ్చేదీ అప్పుడే. 2024లో మే 18న వచ్చాయి, 2025లో మే 11న వచ్చాయి. ర్యాంకు తెలిసిన సాయంత్రం నుంచే ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది.

మీ డెవలపర్ల సభ 'బిల్డ్' జరిగిందీ అప్పుడే. 2021 నుంచి 2025 దాకా అయిదుసార్లూ అది మే నెల రెండో సగంలోనే వచ్చింది. అది ముగిసిన రెండు వారాలకు అటూ ఇటుగా, జూన్‌లో, ఆపిల్ వాళ్ల సభ. ఈ సభలు ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం పెట్టుకున్నవి. కానీ వాటికి నెలా నెలన్నర ముందు నుంచి లోకమంతా మాట్లాడుకునేది కొత్త చిప్పుల గురించి, కొత్త యంత్రాల గురించి. ఆ మాటలు తెలుగు యూట్యూబ్ వీడియోలుగా మారి మా పిల్లల ఫోన్లలోకి వస్తాయి. కొత్త ప్రాసెసర్ వస్తుందట. పాతవాటి ధర పడిపోతుందట. ఇప్పుడు కొంటే ఆరు నెలల్లో పనికిరాకుండా పోతుందట. మన భాషలో వదంతిని చెప్పడానికి ఒక్క 'ట' చాలు. ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు, తప్పయితే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క అక్షరాన్ని నమ్మి మా ఊళ్లలో ఏటా ఎన్నో ఇళ్లు అరవై వేల రూపాయల నిర్ణయం తీసుకుంటున్నాయి.

అరవై వేలంటే ఎంతో మా లెక్కలో చెబుతాను. 2025-26కు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఒక ల్యాప్‌టాప్ పాతిక క్వింటాళ్ల వడ్లు. నీళ్లు సరిగా అంది, తెగులు రాకుండా, కోతకు ముందు వాన పడకుండా ఉంటే ఒక ఎకరంలో పండే పంట అది. పెట్టుబడి తీయకముందు లెక్క.

2024 మే మొదటి వారంలో నడిగూడెం వైపు నుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. "సారూ, మా బిడ్డకు కంప్యూటర్ సైన్సే వస్తదంటున్నరు. ల్యాప్‌టాప్‌కని యాభై అయిదు వేలు పక్కకు పెట్టిన. ఇప్పుడు కొనాల్నా, ఆగాల్నా? ఏందో కొత్తయి వస్తున్నయంట గద" అని అడిగాడు.

ఆ వార్తలు నేనూ చదువుతూనే ఉన్నాను. కృత్రిమ మేధను యంత్రంలోనే నడిపే కొత్త తరం ల్యాప్‌టాప్‌లు రాబోతున్నాయని, వాటికి కనీసం 16 జీబీ మెమరీ, 40 టాప్స్ సామర్థ్యం కావాలంటారని ఆ ఏడాది మొదటి నుంచే ఊహాగానాలు నడుస్తున్నాయి. మే 20న రెడ్‌మండ్‌లో, బిల్డ్‌కు ఒక రోజు ముందు, మీరు ప్రకటన చేస్తారని తెలిసిపోయింది. చదువు చెప్పేవాణ్ని కదా, తెలిసినవాడిలా ఆలోచించి, "పది పదిహేను రోజులు ఆగండి. కొత్తవి వస్తే పాతవి తగ్గుతయి. అమ్మాయికి మంచిది వస్తది" అన్నాను.

ఆయన ఆగాడు. మే 20న ఆ కొత్త తరం ల్యాప్‌టాప్‌లను కోపైలట్ ప్లస్ పీసీల పేరుతో మీరు ప్రకటించారు. ధర 999 డాలర్ల నుంచి మొదలు. అప్పటి మారకంలో 83 వేల రూపాయలకు దగ్గర. అమ్మకాలు జూన్ 18 నుంచి. సూర్యాపేట దుకాణాల్లో పాత మోడళ్ల ధర తగ్గుతుందేమోనని నేనే రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. తగ్గలేదు. ఈలోగా మృగశిర వచ్చింది. బోరు కింద నారు పోయడానికి, ఎరువులకు, ట్రాక్టరుకు ఆ యాభై అయిదు వేలు కరిగిపోయాయి. దసరాకు చూద్దామనుకున్నారు. సెప్టెంబరు 1న కుండపోతకు కోదాడ మునిగింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. వాళ్ల మడిలో ఇసుక మేట వేసింది.

ఆ అమ్మాయి మొదటి సెమిస్టరంతా సి ప్రోగ్రాములు నోటుపుస్తకంలో రాసుకుంది. ల్యాబులో దొరికే కాసేపట్లో వాటిని టైపు చేసి, తప్పులు సరిచేసుకునేలోపు గంట కొట్టేది. ప్రోగ్రామింగ్ తప్పులు చేస్తూ నేర్చుకునే విద్య. తప్పు చేయడానికి కూడా ఆమెకు టైము లేకుండా పోయింది. ఆ తప్పు నాది. మళ్లీ మళ్లీ తలచుకుంటాను. వదంతిని సలహాగా మార్చి ఒక రైతు చేతిలో పెట్టాను.

రెండో సెమిస్టరులో హైదరాబాదులో ఉండే వాళ్ల మేనమామ తను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఇచ్చాడు. దాన్ని తెచ్చి నాకు చూపించి ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. "సార్, ఇది ఎన్నేళ్లు నడుస్తది?" మెమరీ ఎంతో చెప్పగలిగాను. ప్రాసెసర్ ఏ తరానిదో చెప్పగలిగాను. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. దుకాణం వాళ్ల దగ్గరా లేదు. ఆ జవాబు చెప్పగలిగేది మీరూ, ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీలూ.

కంపెనీలు రాబోయేవాటి గురించి ఎందుకు నోరు విప్పవో నాకు తెలియక కాదు. మీ రంగంలో అందరూ చెప్పుకునే కథ ఆడమ్ ఆస్‌బర్న్‌ది. రమణ మహర్షి మీద పుస్తకాలు రాసిన ఆర్థర్ ఆస్‌బర్న్ కొడుకాయన. బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది, 2003లో కొడైకనాల్లో కన్నుమూశారు. 1981 ఏప్రిల్‌లో ఆయన ఆస్‌బర్న్ 1 అనే కంప్యూటర్ తెచ్చారు. ధర 1,795 డాలర్లు. పదకొండు కిలోల బరువున్నా చేతితో పట్టుకుపోగలిగిన యంత్రం కావడంతో విపరీతంగా అమ్ముడుపోయింది. 1983లో దానికన్నా మెరుగైనది వస్తోందని ముందుగా బయటికి చెప్పేసరికి దుకాణాల వాళ్లు పాతదాని ఆర్డర్లు రద్దు చేసుకున్నారని, అందువల్లే ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసిందని చెబుతారు. పోటీ కంపెనీల దెబ్బ, లోపలి లెక్కల గందరగోళం అంతకన్నా పెద్ద కారణాలని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా ఆ భయానికి ఆయన పేరే స్థిరపడిపోయింది. ముందు చెబితే ఉన్న సరుకు అమ్ముడుపోదన్నది నలభై ఏళ్లుగా మీ రంగం నమ్ముతున్న సూత్రం.

అదే సూత్రానికి ఎదురు నడిచిన ఉదాహరణ కూడా మీ పక్కనే ఉంది. 2020 జూన్ 22న ఆపిల్ తన డెవలపర్ల సభలో ఇంటెల్ చిప్పులు వదిలేసి సొంత చిప్పులకు మారుతున్నామని చెప్పింది. మార్పుకు రెండేళ్లు పడుతుందనీ, ఇంటెల్ యంత్రాలకు ఇంకా ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇస్తామనీ అదే వేదిక మీద చెప్పింది. కొత్త చిప్పుతో మొదటి యంత్రాలు వచ్చింది నవంబరులో. మధ్యలో జూలై నుంచి సెప్టెంబరు దాకా, అంటే పాతవి పోతున్నాయని లోకమంతటికీ తెలిసిన మూడు నెలల్లో, ఆ సంస్థ అమ్మిన మ్యాక్‌ల విలువ 900 కోట్ల డాలర్లు. అప్పటికి ఏ మూడు నెలల్లోనూ అంత అమ్మలేదు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని, ఇంటి నుంచి చదువు దానికి బాగా కలిసొచ్చాయి, నిజమే. అయినా ముందుగా చెప్పినందుకు అమ్మకాలు కూలిపోలేదు. ఏమి రాబోతుందో చెప్పినప్పుడు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పారు. జనానికి కావలసింది ఆ రెండో మాట.

ఆ రెండో మాట విండోస్ విషయంలో మాకు అందలేదు. నిష్ఠూరం కాదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. విండోస్ 10 అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని మీ సంస్థ చాలా ఏళ్ల ముందే చెప్పింది. ఆ తేదీ అందరికీ తెలుసు. తెలియనిదల్లా తర్వాతి విండోస్ ఏ యంత్రాలను ఎక్కనిస్తుందో, వేటిని కాదంటుందో. అది 2021 జూన్ 24న తెలిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలన్నారు. ఇంటెల్‌లో చాలావరకు ఎనిమిదో తరం, ఆ పైవే పనికొస్తాయన్నారు. ఆ నియమం వెనక భద్రత గురించిన కారణాలున్నాయని ప్రోగ్రామింగ్ చెప్పేవాడిగా ఒప్పుకుంటాను. కానీ ఏడో తరం ప్రాసెసర్ ఉన్న యంత్రానికి డబ్బు పోసిన రోజున దాని ఆయువు విండోస్ 10తోనే ముగుస్తుందని కొన్న మనిషికి తెలిసే దారి లేదు. గడువు తర్వాత మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలిచ్చారు. మంచి పని చేశారు. డబ్బు కట్టకుండా దాన్ని పొందే మార్గం ఉందని మాత్రం 2025 జూన్ 24న తెలిసింది. అప్పటికి గడువుకు నాలుగు నెలలు కూడా లేవు.

40 టాప్స్ సంగతీ అలాంటిదే. టాప్స్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. నలభై అంటే నలభై లక్షల కోట్లు. కృత్రిమ మేధ పనులు చేసిపెట్టే ఎన్‌పీయూ అనే భాగం సత్తాను కొలిచే కొలత అది. 2023 డిసెంబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా చిప్పులు వచ్చాయి. వాటితో చేసిన ల్యాప్‌టాప్‌లకు 'ఏఐ పీసీ' అని పేరు పెట్టి అమ్మారు. వాటి ఎన్‌పీయూ సత్తా దాదాపు 11 టాప్స్. అయిదు నెలలు తిరిగేసరికి మీరు గీసిన గీత 40 దగ్గర పడింది. 2024 మార్చి 21న వ్యాపార సంస్థల కోసం మీ సంస్థే ప్రకటించిన సర్ఫేస్ ప్రో 10, సర్ఫేస్ ల్యాప్‌టాప్ 6 కూడా ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. మొదటి రోజున గీత దాటింది క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పులున్నవి మాత్రమే. గీత దాటిన వాటికి ముఖ్య ఆకర్షణగా చూపించిన 'రీకాల్'నే గోప్యత మీద అభ్యంతరాలు వచ్చి విడుదలకు ముందు వాయిదా వేయాల్సి వచ్చింది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లకు ఆ గీతతో పని లేదు. సి నేర్చుకోవడానికి, పైథాన్ నేర్చుకోవడానికి, డేటా స్ట్రక్చర్లు రాయడానికి ఎన్‌పీయూ అక్కర్లేదు. ఆ మాట మీ వేదిక మీద నుంచి ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే ఆ రోజు నేను ఆ రైతును ఆగమనేవాణ్ని కాదు. పెద్దవాళ్లు మౌనంగా ఉన్న చోట వదంతే పెద్దమనిషి అవుతుంది. యూట్యూబ్‌లో జోస్యం చెప్పే కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఖాళీగా ఉన్న చోటు వాళ్లు నింపుతున్నారు.

ఆగితే నష్టమేముంది అనేవాళ్లకూ కాలమే జవాబు చెప్పింది. 2025 చివరికి వచ్చేసరికి మెమరీ చిప్పుల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లకే ఎక్కువ సరుకు పోవడం మొదలైంది. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో మెమరీ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నామని మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. తగ్గుతుందట అని ఎదురుచూసినవాళ్లకు పెరిగిన ధర ఎదురైంది.

సత్య గారూ, ఎడమ కాలువ కింద రైతులకు వదంతి మీద సేద్యం చేస్తే ఏమవుతుందో బాగా తెలుసు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. యాసంగి ముందు మా ఊళ్లలో ఏ హోటల్లో చాయ్ తాగినా ఒకటే మాట: డ్యామ్‌లో ఎన్ని అడుగులుంది, నీళ్లిస్తారా, ఎన్ని తడులిస్తారు. ఇస్తారట అని నమ్మి నార్లు పోసుకుంటే, నీళ్లు రాని ఏడు నారుమడిలోనే ఎండుతుంది. ఇవ్వరట అని బీడు పెట్టుకుంటే, వచ్చిన నీళ్లు పక్కవాడి మడికి పోతాయి. అధికారులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీళ్లిస్తారో, మధ్యలో ఎన్ని రోజులు ఆపుతారో కాగితం మీద పెట్టిన రోజున ఆ చర్చంతా ఆగిపోతుంది. రైతు నాగలి తీస్తాడు. నీళ్లు తక్కువైనా సరే, తేదీ తెలిస్తే ఆరుతడి పంట వేసుకుంటాడు.

ఇంకో సంగతి. మా దగ్గర విత్తన సంచి కొంటే దానికి ఒక చీటీ కుట్టి ఉంటుంది. 1966 విత్తన చట్టం ఆ పని చేయించింది. రకం పేరు, లాటు నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, అన్నీ దాని మీద ఉంటాయి. వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలి. సంచి ఖాళీ అయినా చీటీని, బిల్లును దాచుకోమని వ్యవసాయాధికారులు చెబుతారు. వాన ఎలా పడుతుందో, తెగులు వస్తుందో రాదో ఆ చీటీ చెప్పదు. అవి కంపెనీ చేతిలో లేవు. తన చేతిలో ఉన్నదానికి మాత్రం కంపెనీ మాట ఇవ్వాలి. ముప్ఫై కిలోల విత్తన సంచికి ఉన్న ఆ చీటీ అరవై వేల ల్యాప్‌టాప్ పెట్టెకు ఎందుకుండకూడదు?

మీ రంగంలో ఇది కొత్త మాటేమీ కాదు. క్రోమ్‌బుక్‌లలో ఏ మోడల్‌కు ఏ తేదీ దాకా అప్‌డేట్లు వస్తాయో గూగుల్ ముందే ప్రకటిస్తుంది. ఆ గడువును పదేళ్లకు పెంచుతున్నామని 2023 సెప్టెంబరులో చెప్పింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు నియమం వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం అయిదేళ్లు దానికి అప్‌డేట్లు ఇవ్వాలి. మీ సంస్థ కూడా విండోస్‌లో ఒక్కో వెర్షన్‌కు గడువు తేదీలు ప్రకటిస్తుంది. ఒక్కో యంత్రానికి మాత్రం ప్రకటించదు. మా ఇళ్లలో వాళ్లు వెర్షన్లు కొనరు. యంత్రాన్ని కొంటారు.

అందుకని మిమ్మల్ని మూడు అడుగుతున్నాను.

మొదటిది, తేదీ. విండోస్‌తో అమ్మే ప్రతి ల్యాప్‌టాప్ పెట్టె మీద, కనీసం ఏ తేదీ దాకా దీనికి భద్రతా అప్‌డేట్లు అందుతాయో ముద్రించండి. రాబోయే ముప్పులు ఇప్పుడే ఎలా తెలుస్తాయి, ముందే ఎలా మాట ఇస్తాం అని మీ ఇంజనీర్లు అనవచ్చు. కనీస గడువే చెప్పమంటున్నాను. విత్తనానికి 80 శాతం కూడా కనీస లెక్కే. తొంభై మొలిస్తే ఎవరూ బాధపడరు. అలాగే తర్వాత మీరు గడువు పెంచితే ఎవరూ కాదనరు.

రెండోది, వ్యవధి. కొత్త కనీస అర్హతలు పెట్టేటప్పుడు ఒక పూర్తి విద్యా సంవత్సరం ముందు చెప్పండి. అదే నోటితో, ఆ గీతకు ఇవతల ఉండిపోయే యంత్రాలు ఏయే పనులు ఎప్పటిలాగే చేస్తాయో కూడా చెప్పండి. మేలో చెప్పేది మార్చిలో చెప్పగలిగితే మరీ మంచిది. పంట డబ్బు చేతికి రాకముందే మాట తెలిస్తే నిర్ణయం ఇంట్లో కూర్చుని తీసుకుంటారు. డబ్బు వచ్చాక తెలిస్తే దుకాణం కౌంటరు ముందు నిలబడి తీసుకోవాల్సి వస్తుంది.

మూడోది, భాష. ఆ చీటీ తెలుగులో ఉండాలి. విండోస్ ఎక్స్‌పీతో మీ సంస్థ గౌతమి ఫాంటు ఇచ్చింది. కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరాలు కనిపించడానికి అది తోడ్పడింది. తెరమీదికి తెలుగును తెచ్చినవాళ్లకు పెట్టె మీద నాలుగు తెలుగు వాక్యాలు అచ్చువేయడం పెద్ద పని కాదు. కొనేది పిల్లలు చూపించిన యంత్రమే అయినా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది తండ్రి. ఆయన చదువుకోగలగాలి.

ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఏ సభ కోసమూ ఆగకండి. చదువు మొదలయ్యే రోజుకు పిల్లల చేతిలో యంత్రం ఉండటమే ముఖ్యం. 16 జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డీ ఉండి, రిపేరు వస్తే సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో చూసేవాళ్లుంటే నాలుగేళ్ల చదువుకు సరిపోతుంది. సికింద్రాబాదులోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి కొన్నా సరే, బిల్లూ వారంటీ కాగితమూ విత్తన చీటీలా దాచుకోండి.

సత్య గారూ, మీరు చిన్నప్పుడు మీ నాన్నగారు బ్యాంకాక్ వెళ్లి వస్తూ మీకోసం సింక్లెయిర్ కంప్యూటర్ కిట్టు తెచ్చారని 'హిట్ రిఫ్రెష్'లో రాసుకున్నారు. మీ నాన్న యుగంధర్ గారు గ్రామీణాభివృద్ధికి జీవితం ఇచ్చిన అధికారి. 2004 నుంచి 2009 దాకా ప్రణాళికా సంఘం సభ్యులుగా ఉన్నారు. పల్లెలో డబ్బు ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో పోతుందో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఒక తండ్రి ఒక పిల్లవాడికి కంప్యూటర్ తెచ్చి ఇస్తే ఎంత దూరం వెళ్లవచ్చో మీ జీవితమే చూపించింది. ఆ కిట్టు కొన్న రోజున, ఇది ఎన్నాళ్లు నడుస్తుందో ఇంకో కంపెనీ చెప్పాలేమో అని ఆయన ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఇవాళ్టి తండ్రికి ఆ ఆలోచన తప్పడం లేదు.

ఆ నడిగూడెం అమ్మాయికి ఒక తమ్ముడున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, ఎంపీసీ. వాడి ఎప్‌సెట్ ర్యాంకు వచ్చిన వారంలో వాళ్ల నాన్న వడ్ల డబ్బు జేబులో పెట్టుకుని మళ్లీ నా దగ్గరికే వస్తాడు. పోయినసారి నా మాట విని ఏమైందో తెలిసీ వస్తాడు. మా దగ్గర చదువు చెప్పే సారు మీద నమ్మకం అంత తొందరగా పోదు. కొనాల్నా, ఆగాల్నా అని అడుగుతాడు. ఈసారి నేను సలహా చెప్పదలచుకోలేదు. పెట్టెను తిప్పి, దాని మీద మీరు వేయించిన తేదీని ఆయన చేతే చదివించాలనుకుంటున్నాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
కోదాడ నుంచి
ఒక ప్రోగ్రామింగ్ ఉపాధ్యాయుడు